గేటు దగ్గర పగిలిన గచ్చు: మా ఇంటి ప్రాజెక్టు డైరీ

జనవరి 16, గురువారం

భోగి నాడు తెల్లవారుజామున మంట దగ్గరికి వెళ్తూ నాన్న గేటు దగ్గర గచ్చు తట్టుకుని పడ్డారు. మోకాలు చెక్కుకుపోయింది, ఎముకకు ఏమీ కాలేదు. 72 ఏళ్ల మనిషి. పండుగ మూడు రోజులూ ఆయన కుంటుతూ తిరుగుతుంటే చూడలేకపోయాను. బడికి 19 దాకా సెలవులున్నాయి. ఆ గచ్చు సంగతి ఈసారి తేల్చాల్సిందే.

గుంటూరు కొరిటెపాడులో మా ఇల్లు 1998లో కట్టింది. గేటు నుంచి పోర్టికో దాకా కారు వచ్చే గచ్చు 22 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. పోర్టికో వైపు 13 అడుగులు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. గేటు వైపు 9 అడుగులు మాత్రం మూడు ముక్కలైంది. ఈశాన్య మూల ముక్క పక్కదాని కంటే పైకి లేచి మెట్టులా నిలబడింది. స్కేలు పెట్టి కొలిస్తే 14 మిల్లీమీటర్లు. నాన్న కాలు తగిలింది అక్కడే.

దీనికి ఇప్పటికి మూడుసార్లు మరమ్మతు చేయించాం. మొదటిసారి పగుళ్లలో సిమెంటు పాలు పోశారు. రెండోసారి పైన అంగుళం మందాన కొత్త పూత వేశారు. మూడోసారి దుకాణంలో దొరికే మరమ్మతు పొడి కలిపి నింపారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ప్రతిసారీ అదే చోట, అదే గీత వెంట పగులు తిరిగి వచ్చింది. పగులు చోటు మార్చుకోలేదంటే కారణం కూడా అక్కడి నుంచి కదల్లేదనే కదా అర్థం.

సాయంత్రం చిన్న సుత్తి తీసుకుని అడుగడుగునా తట్టి చూశాను. పోర్టికో వైపు గట్టిగా, పొట్టిగా మోగింది. మధ్య ముక్క మీద మాత్రం ఖాళీ కుండను తట్టినట్టు బోలు శబ్దం. బోలుగా మోగిన చోట సుద్దముక్కతో గీత గీశాను. మంచం పట్టేంత మేర తేలింది. దాని కింద మట్టి లేదు.

జనవరి 17, శుక్రవారం

పగలగొట్టే ముందు కింది మట్టి ఎలాంటిదో తెలుసుకోవాలనుకున్నాను. గుంటూరులో ఇల్లు కట్టిన ఎవరినడిగినా నల్లరేగడి అనే చెబుతారు. అది ఎంత ఉబ్బుతుందో లెక్కగా తెలియాలి. నేను బడిలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాను. ప్రయోగశాల నుంచి 100 మిల్లీలీటర్ల కొలజాడీలు నాలుగు, చిన్న త్రాసు తెచ్చుకున్నాను. కిరోసిన్ ఇప్పుడు బయట దొరకడం కష్టం. సోడియం ముక్కలు దాచడానికని బడిలో తెప్పించిన డబ్బాలో వాడకుండా మిగిలినది కొంత ఉంటే అదీ తెచ్చాను.

పరీక్ష తేలికే. గచ్చు అంచున గునపంతో గుచ్చి తీసిన మట్టిని ఆరబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టాలి. 10 గ్రాముల చొప్పున రెండు జాడీల్లో వేసి, ఒకదాన్ని కిరోసిన్‌తో, మరోదాన్ని నీటితో నింపి, గాలి బుడగలు పోయేలా కలిపి ఒక రోజు కదపకుండా ఉంచాలి. బంకమట్టి రేణువుల పొరల మధ్యకు నీరు చొరబడుతుంది, కిరోసిన్ చొరబడదు. కాబట్టి రెండు జాడీల అడుగున పేరుకున్న మట్టి ఎత్తులో ఎంత తేడా ఉంటే ఆ మట్టికి అంత ఉబ్బే గుణం ఉన్నట్టు. మిగతా రెండు జాడీల్లో అదే మట్టికి నూటికి నాలుగు పాళ్లు పొడి సున్నం కలిపి వేశాను.

మధ్యాహ్నం తమ్ముడు అద్దెకు తెచ్చిన కాంక్రీటు బ్రేకరుతో గచ్చు పగలగొట్టడం మొదలుపెట్టాం. మంచి గచ్చుకూ పాడైన గచ్చుకూ నడుమ కోత యంత్రంతో ముందుగానే నిలువుగా గాటు పెట్టించాం. లేకపోతే ఆ అదురుకు మంచి భాగం కూడా చిట్లుతుంది. పాత గచ్చు మందం ఒకచోట 4 అంగుళాలుంటే మరోచోట రెండున్నరే. ఇనుము అసలు లేదు. గేటు స్తంభానికి, ప్రహరీ గోడకు నేరుగా అతికించి పోశారు. ఎండకు సాగడానికి, కింద నేల కదిలినప్పుడు విడిగా కదలడానికి దానికి చోటే లేదు.

జనవరి 18, శనివారం

జాడీలు చూశాను. కిరోసిన్‌లో మట్టి 11 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగింది. నీటిలో 19 దాకా లేచింది. 8 మిల్లీలీటర్ల తేడాను 11తో భాగిస్తే నూటికి 73. యాభై దాటితే జాగ్రత్త పడాల్సిన మట్టి అన్నట్టు. సున్నం కలిపిన జాడీల్లో కిరోసిన్‌లో 11, నీటిలో 13. అంటే 18 శాతం. అమ్మను, నాన్నను పిలిచి కిటికీ వెలుతురులో నాలుగు జాడీలూ పక్కపక్కన పెట్టి చూపించాను. నీటి జాడీలో మట్టి మెత్తగా, జున్నులా ఉబ్బి ఉంది. సున్నం వేసిన జాడీలో రవ్వరవ్వగా అడుగున కూర్చుంది. "ఇంత చిటికెడు సున్నానికేనా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది.

ఈ మట్టి మీద నాకు కోపం లేదు. మన పత్తి, మన మిరప పండేది ఇందులోనే. వేసవిలో నెర్రెలు విచ్చి, పైమట్టి ఆ నెర్రెల్లోకి రాలి, వాన పడగానే ఉబ్బి, దున్నకుండానే తనను తాను తిరగేసుకునే నేల ఇది. రైతుకు మేలు చేసే ఆ కదలికే గచ్చును పగలగొడుతుంది.

జనవరి 19, ఆదివారం

ఈ రోజంతా తవ్వకమే. నేను, తమ్ముడు, ఇద్దరు కూలీలు. గచ్చు పైమట్టం నుంచి 18 అంగుళాల లోతు దాకా తీశాం.

బోలు మోగిన చోట గచ్చు పెళ్లలు ఎత్తేసరికి సంగతి కళ్లకు కట్టింది. మధ్యలో మట్టి ఎండి, ముడుచుకుని, గచ్చు అడుగు నుంచి రెండు వేళ్ల దూరం కిందికి దిగిపోయింది. నెర్రెలో గునపం మొన జానెడు లోతుకు దిగింది. ఆరడుగుల అవతల ఈశాన్య మూలలో అదే మట్టి పిండి ముద్దలా తడిగా ఉంది. పారకు అంటుకుంటే చేత్తో గీరితే గానీ వదలడం లేదు. ఒకే గచ్చు కింద ఒకవైపు ఉబ్బిన నేల, మరోవైపు కుంగిన నేల. నడుమ ఆధారం లేని పలక. దాని మీద నుంచి రోజూ కారు వెళ్లింది.

ఆ మూలకే తడి ఎక్కడిది? తల ఎత్తితే సమాధానం కనిపించింది. డాబా మీద వాననీళ్లన్నీ ఈశాన్యానికే పారాలని వాస్తు ప్రకారం వాలు పెట్టి కట్టారు. ఆ గొట్టం సరిగ్గా ఈ మూలలో, నేలకు అడుగు ఎత్తున ఆగిపోతుంది. ఇన్నేళ్లుగా డాబా నీళ్లన్నీ గచ్చుకూ ప్రహరీకీ నడుమ ఉన్న సందులోకి దిగుతున్నాయి. మూడుసార్లు మరమ్మతు చేసిన వాళ్లలో ఒక్కరూ ఆ గొట్టం వైపు చూడలేదు. నిజం చెప్పాలంటే మేమూ చూడలేదు.

సాయంత్రం మామయ్య వచ్చారు. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. సాగర్ కుడి కాలువ మీద చాలా ఏళ్లు ఉన్నారు. గుంత అంచున గొంతుక్కూర్చుని తడి మట్టిని వేళ్ల మధ్య నలిపి చూశారు.

"ఏరా, దీన్ని ఎంత లోతు తీద్దామని?"

"18 అంగుళాలు తీశాం మామయ్యా. ఇంకా దిగాలంటారా?"

"దిగితే మంచిదే. కానీ ఎంత దిగినా కింద రేగడే ఉంటుంది. పైన ఉబ్బని మట్టి పొర దిట్టంగా వెయ్యి, అది రేగడి ఉబ్బును అదుపులో పెడుతుంది. అంతకంటే ముందు ఆ గొట్టం సంగతి చూడు. తడి మారకపోతే రేగడి కదలదు."

రేగడి మీద కాలువలకు వాళ్లు చేసినదీ ఇదేనట. బంబాయి ఐఐటీ ఆచార్యులు కట్టి గారు రేగడి నేలల మీద చేసిన పరిశోధనల నుంచే, కాస్త బంక ఉండి ఉబ్బని మట్టిని పొరగా వేసే పద్ధతి మన దేశంలో వాడుకలోకి వచ్చిందని చెప్పారు. రేగడి తీసి ఇసుక నింపుదామని తమ్ముడు అంటే ఒప్పుకోలేదు. ఇసుక నీటిని లోపలికి రానిస్తుంది, కింద బంకమట్టి దాన్ని పోనివ్వదు. చివరికి గచ్చు కింద నీళ్ల తొట్టి తయారవుతుంది.

జనవరి 20 నుంచి 24

బడి మొదలైంది. సాయంత్రాలు గొట్టం పని. 4 అంగుళాల పీవీసీ గొట్టాన్ని ప్రహరీ వెంట వీధి కాలువ దాకా పొడిగించాం. భూమిలో పాతిపెడితే చూడటానికి బాగుంటుందని తమ్ముడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పాతిన గొట్టం అతుకు దగ్గర కారితే గచ్చు లేచేదాకా తెలియదు. గోడకు బిగించి బయటికే ఉంచాం. నీళ్లు పోయేది ఇప్పటికీ ఈశాన్యానికే కాబట్టి అమ్మకు అభ్యంతరం లేదు.

పక్కింటివారు ఆ నీటికి అక్కడే ఇంకుడు గుంత తవ్వమన్నారు. ఇంకుడు గుంతలు ఉండాలనే నేనూ బడిలో పిల్లలకు చెబుతాను. కానీ రేగడి నేలలో గచ్చు పక్కన, పునాది పక్కన తవ్వితే ఏ నీటిని దూరం పంపాలని ఇంత శ్రమ పడుతున్నామో దాన్నే చేతులారా అక్కడ నిలబెట్టినట్టవుతుంది. పెరట్లో, ఇంటి గోడకు బాగా ఎడంగా చోటు చూస్తున్నాను.

జనవరి 25, శనివారం

సున్నం రోజు. గుంత అడుగున మరో 6 అంగుళాల మట్టిని తవ్వి పైకి తీయకుండా గుల్ల చేశాం. 90 చదరపు అడుగుల మేర 6 అంగుళాలంటే 45 ఘనపుటడుగులు, బరువు సుమారు 1,800 కిలోలు. నూటికి నాలుగు పాళ్లంటే 72 కిలోలు. పొడి సున్నం 25 కిలోల సంచులు మూడు తెచ్చాం. పిడుగురాళ్ల బట్టీలు మనకు దగ్గరే, సున్నానికి కొరత లేదు. కొన్నది నీళ్లు చల్లి పొడి చేసిన సున్నం. పొగలు కక్కే రాతి సున్నం ఇంట్లో వాడకూడదు. ఇది కూడా కంట్లో పడితే ప్రమాదమే. అందరం కళ్లద్దాలు, చేతి తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకున్నాం. గాలి లేని ఉదయం వేళ చల్లాం.

గడ్డలు చితక్కొట్టి కలపడమే అసలు శ్రమ. మధ్యలోవి రాళ్లలా ఉన్నాయి, మూలవి ముద్దలా ఉన్నాయి. రెండూ కలిపి, మీద సున్నం చల్లి, పలుగుతో తిరగేస్తూ పోయాం. గంట గడిచాక తేడా చేతికే తెలిసింది. పారను వదలని మట్టి దులిపితే రాలిపోతోంది. నల్లని రంగు బూడిదకు తిరిగింది. గుప్పిట పట్టి పిసికితే ముద్ద కాకుండా బెల్లపు పొడిలా విడిపోతోంది. పుస్తకంలో కాల్షియం అయాన్లు బంక రేణువులను గుంపు కట్టిస్తాయని ఏటా చెబుతాను. అది నా అరచేతిలో జరుగుతుంటే చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను.

తడిపి, ప్లాస్టిక్ పట్టా కప్పి రాత్రంతా వదిలేశాం.

జనవరి 26, ఆదివారం

బడిలో జెండా వందనం ముగించుకుని పదింటికి వచ్చాను. ముందుగా సున్నం పొరను అద్దె యంత్రంతో తొక్కించాం. గోడ అంచుల్లో యంత్రం పట్టదు, అక్కడ దిమ్మిసతో చేత్తోనే. తర్వాత మామయ్య చెప్పిన ఉబ్బని మట్టి పొరగా ఎర్ర గ్రావెల్. 4 అంగుళాల పొర పరచడం, నీళ్లు చల్లడం, తొక్కించడం. ఒకేసారి అడుగు మందాన పోసి తొక్కిస్తే పైన కొన్ని అంగుళాలే బిగుస్తాయి, కింద గుల్లగానే ఉంటుంది. ఈ రోజు రెండు పొరలు అయ్యాయి. ట్రాక్టరు గ్రావెల్ చాలలేదు, మూడో పొరకు ఇంకొంత తెప్పించాలి.

బిగిసిందో లేదో చూడటానికి 8 మిల్లీమీటర్ల ఊచను చేత్తో బలంగా గుచ్చాను. అర అంగుళం కూడా దిగలేదు. మడమతో తొక్కితే గుర్తు పడలేదు.

జనవరి 30, గురువారం

మూడో పొర నిన్న సాయంత్రం పూర్తయింది. ఈ రోజు దాని మీద అంగుళం మందాన ఇసుక పరిచి మట్టం చేశాం. వాలు 60 అడుగులకు ఒక అడుగు లెక్కన, 9 అడుగులకు దాదాపు 2 అంగుళాలు వీధి వైపు. నీళ్లు నింపిన సన్నటి గొట్టం రెండు చివరలూ పట్టుకుని నేను, నాన్న గుర్తులు పెట్టాం. కూర్చునే చేయగల పని కావడంతో ఆయన ఉత్సాహంగా చేశారు.

ఫిబ్రవరి 1, శనివారం

ఇసుక మీద ప్లాస్టిక్ పట్టా, దాని మీద 8 మిల్లీమీటర్ల ఊచలు రెండు వైపులా 8 అంగుళాల ఎడంతో అల్లి కట్టాం. మొత్తం 34 కిలోలు పట్టింది. ఊచల కింద సిమెంటు బిళ్లలు పెట్టి గచ్చు మందంలో సగానికి పైన ఉండేలా లేపాం. పట్టా మీద అడుగున పడి ఉన్న ఇనుము వల్ల ఉపయోగం లేదు. గోడ, గేటు స్తంభాలు, పాత గచ్చు అంచు వెంట అర అంగుళం థర్మోకోల్ బద్దలు నిలబెట్టాం. కొత్త గచ్చు ఎవరినీ అంటుకోకుండా తన చోట తాను ఉండాలి.

రాత్రి ముగ్గు గురించి చర్చ జరిగింది. నున్నగా ఉంటేనే ముగ్గు గీత తెగకుండా వస్తుందని అమ్మ. నున్నటి వాలు మీద వానలో జారతారని నేను. చక్రాలు వెళ్లే రెండు వైపులా చీపురుతో గరుకు గీతలు, నడుమ 3 అడుగుల పట్టీ చెక్క తాపీతో సాపు చేసి వదలడం అని తేలింది. ఇనుప తాపీతో అద్దంలా మాత్రం చేయకూడదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

కాంక్రీటు రోజు. ఉదయం ఆరింటికే మొదలుపెట్టాం. ఇద్దరు కూలీలు, ఒక తాపీ మేస్త్రీ గారు, నేను, తమ్ముడు. మందం 5 అంగుళాలు, అంటే 37 ఘనపుటడుగుల పైచిలుకు. పాళ్లు సిమెంటు ఒకటికి ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. సిమెంటు 9 బస్తాలు. ఇసుక, కంకర గమేళాల అంచనాతో కాకుండా ఒకటింపావు ఘనపుటడుగు చెక్కపెట్టె చేయించి కొలిచాం. ఒక బస్తా సిమెంటు ఆ పెట్టెకు సరిగ్గా సరిపోతుంది.

వాదన వచ్చింది నీళ్ల దగ్గరే. బస్తాకు 25 లీటర్లు మించకూడదు. ఇసుక తడిగా ఉంది కాబట్టి 22 దగ్గర ఆపాను.

"మాస్టారూ, ఇంత బిరుసుగా ఉంటే సర్దడం కష్టం. ఇంకో బకెట్టు పోయించండి" అన్నారు మేస్త్రీ గారు.

"పోస్తే మీ చేతికి సులువే మేస్త్రీ గారూ, కానీ ఆ నీరు ఆరిపోయాక దాని చోట బొరియలే మిగులుతాయి. గంటసేపు ఎక్కువ కష్టపడదాం, కూలి కూడా పెంచి ఇస్తాను."

ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు. వైబ్రేటరు పెట్టి గట్టి మిశ్రమాన్నే చక్కగా సర్దించారు. ఆయన చేతి పనితనం లేకపోతే నా లెక్కలు కాగితం మీదే ఉండేవి.

పదకొండున్నరకు ఎండ ముదిరింది, దక్షిణపు అంచున వెంట్రుకవాసి చీలికలు మూడు కనిపించాయి. గాలికి పైతడి ఆరిపోవడం వల్ల వచ్చేవి. కాంక్రీటు ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి చెక్క తాపీతో గట్టిగా రుద్ది మూసేశాం. వెంటనే నాలుగు కర్రల మీద పాత చీరలు నీడగా కట్టాం. తర్వాత మళ్లీ రాలేదు.

నడిమధ్యన ఇనుప పట్టీ దించి అంగుళంపావు లోతు గాడి తీశాం. గచ్చు ఆరి ముడుచుకునేటప్పుడు ఎక్కడో ఒకచోట చీలక తప్పదు, ఆ చీలిక గాడి అడుగునే రావాలని. చివరగా కొబ్బరి ఈనెల చీపురుతో అడ్డంగా గీతలు. చీపురు మీద బరువు వేయకుండా, ఒకే ఊపున అవతలి అంచు దాకా లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ గడ్డ నిలుస్తుంది. నాకు నాలుగో గీతకు చేయి కుదిరింది.

ఫిబ్రవరి 3 నుంచి 16

మొదటి రోజు తడి గోనెసంచులు, రెండో రోజు నుంచి అంచుల వెంట ఇసుక కట్టలు కట్టి రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టాం. మేం వాడింది బూడిద కలిసిన సిమెంటు. దానికి కనీసం 10 రోజుల తడి కావాలి. మేం 14 రోజులు ఉంచాం. ఉదయం అమ్మ, మధ్యాహ్నం నాన్న, సాయంత్రం నేను నీళ్లు నింపాం. ఎనిమిదో రోజున ఒక కట్ట తెగి గంటసేపు ఓ మూల ఆరిపోయింది. నాన్నే ముందు చూసి మళ్లీ కట్టారు.

మార్చి 2, ఆదివారం

28 రోజులు నిండాయి. కారు ఎక్కించాం. ముందుగా సుత్తితో అడుగడుగునా తట్టాను. అంతటా ఒకే పొట్టి శబ్దం. థర్మోకోల్ పైభాగం అర అంగుళం తీసి, సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంటుతో సందులన్నీ నింపాను. మామూలు సిమెంటుతో నింపి ఉంటే ఇంత పనీ వృథా అయ్యేది. అద్దెలు, కూలి, సామగ్రి కలిపి ఖర్చు 21 వేలు దాటింది. ఇందులో గచ్చు పైన కనిపించేది సగమే, మిగతా సగం నేల కింద ఉంది.

గేటు స్తంభం మీద మేకుతో ఒక గీత గీశాను. గచ్చు నాలుగు మూలల్లో చుక్కలు పెట్టి, నీళ్ల గొట్టంతో ఆ గీత నుంచి ఎత్తులు కొలిచి ఈ పుస్తకం చివరి పేజీలో రాశాను.

జూన్ 22, ఆదివారం

వారం రోజుల్లో నాలుగు వానలు పడ్డాయి. నిన్న కురుస్తుండగా గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. గొట్టం నీళ్లు నేరుగా వీధి కాలువలో పడుతున్నాయి. గచ్చు మీద నీళ్లు చీపురు గీతల్లోంచి పక్కకు దిగి వీధిలోకి పోయాయి. సందుల దగ్గర ఎక్కడా బుడగలు రాలేదు.

ఈ ఉదయం కొలిచాం. మూడు మూలలు కదల్లేదు. ఈశాన్య మూల 2 మిల్లీమీటర్లు లేచింది. ప్రహరీ అవతల వీధి తడి గోడ కింద నుంచి వస్తోందేమోనని నా అనుమానం. అయినా మునుపటిలా మెట్టు లేవలేదు, పాత గచ్చుతో కలిసే చోట వేలు పెడితే అంచు తగలడం లేదు. గాడి అడుగున సన్నటి చీలిక వచ్చింది, రావాల్సిన చోటనే. వచ్చే శనివారం గోడ అవతల వైపు సిమెంటు ఏటవాలు పట్టీ వేయాలి. అక్టోబరు వానలు తగ్గాక నాన్న, నేను గొట్టం పట్టుకుని మళ్లీ కొలుస్తాం.